ఐదు నెలల దుమ్ము

మేం దుమ్ము మీద పనిచేస్తాం. ఈ మాట చెబితే ఎదుటివాళ్లు కాసేపు మర్యాదగా తలూపి, వేరే విషయం ఎత్తుకుంటారు. అందుకని బయట 'సోలార్' అంటాను. బ్యాంకులో 'రెన్యూవబుల్ ఎనర్జీ' అంటాను. ఇంట్లో అసలు ఆ ప్రస్తావనే తీసుకురాను.

సంగతేమిటంటే, మలావీ దేశంలో ఊళ్లకు దూరంగా ఉండే చిన్న ఆరోగ్య కేంద్రాల్లో పిల్లల టీకాలు దాచే ఫ్రిజ్‌లు సోలార్ కరెంటుతో నడుస్తాయి. వానలు ఆగి నెలలు గడిచేకొద్దీ ప్యానెళ్ల మీద దుమ్ము పేరుకుంటుంది, కరెంటు తగ్గుతుంది, ఒకరోజు ఫ్రిజ్ ఆగిపోతుంది. కడుగుదామంటే నీళ్లుండవు. దుమ్ము అంటుకోకుండా ప్యానెల్ మీద పూసే ఒక పూత మేం తయారుచేశాం. ఖరీదు తక్కువ, అక్కడివాళ్లే కలుపుకోవచ్చు. ఇక తేలాల్సింది ఒక్కటే, అది పనిచేస్తుందా లేదా అన్నది. దానికి వానలు వెళ్లిన రోజు నుంచి మళ్లీ వానలు పడే రోజు దాకా ప్యానెళ్లను ఎవరూ ముట్టుకోకుండా ఎండలో, దుమ్ములో వదిలేయాలి. వినడానికి ఇంత సులువైన పరిశోధన ఇంకోటి ఉండదు. ఏమీ చేయకుండా ఉండటమే పని.

దుమ్ము కోసం అంత దూరం వెళ్లాల్సిన అవసరం మాకు రాలేదు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డు పైన రెండు గదులు, వాటి పైన డాబా అద్దెకు తీసుకున్నాం. కింద పొద్దస్తమానం లారీలు తిరుగుతాయి. నేనుండే ఉప్పల్‌లో మేడిపల్లి వైపు ఫ్లైఓవర్ స్తంభాలు లేచినప్పటి నుంచి మా ప్రాంతానికి ఏ లోటున్నా దుమ్ముకు మాత్రం లేదు. కొన్ని దేశాల్లో పరిశోధకులు దుమ్మును డబ్బాల్లో కొనుక్కుంటారట. మాకు అది నేరుగా భోజనం గిన్నెలోకే వచ్చేది.

డాబా మీద పన్నెండు ప్యానెళ్లు. ఆరింటికి పూత ఉంది, ఆరింటికి లేదు. ప్రతి సోమవారం మిట్టమధ్యాహ్నం వాటి రీడింగులు తీసి రిజిస్టర్‌లో రాసేది మా ఇంజనీరమ్మాయి. జనగామ వైపు నుంచి వచ్చి ఎంటెక్ చేసి, ఈ దుమ్ము మీదే పీహెచ్‌డీకి కూర్చుంది. మా సంస్థలో నేను మీటింగులకు వెళ్తాను, ఆమె పని చేస్తుంది. పంపకం మొదటి నుంచీ అంతే.

మూడేళ్లపాటు ఒక విదేశీ ఫౌండేషన్ డబ్బిచ్చింది. తర్వాత ఒకరోజు మెయిల్ పంపింది. మొదటి వాక్యంలోనే మా పని వాళ్లకెంతో స్ఫూర్తినిచ్చిందని రాశారు. ఈ రంగంలో ఇన్నేళ్లు ఉన్నవాడికి రెండో వాక్యం చదవనక్కర్లేదు. అప్పటి నుంచి నేను కంపెనీల చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. లాభాల్లో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టాలన్న నియమం కింద కంపెనీలు పక్కన పెట్టే డబ్బు ఒకటుంది, సీఎస్ఆర్ అంటారు. అది దొరికితే డాబా నిలుస్తుంది. దొరక్కపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఘట్‌కేసర్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు మా ఇంజనీరమ్మాయికి లెక్చరర్ ఉద్యోగం ఇస్తామన్నారు. మార్చి ఆఖరుకల్లా ఏదో ఒక సంగతి చెప్పాలి. ఆమె వెళ్లిపోతే మిగిలేది డాబా, నేను. ఇద్దరిలో డాబానే కొంచెం పనికొస్తుంది.

ఆ ఏడాది ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అటు చివర దిగి, అద్దాల భవనాల్లో కూర్చుని మళ్లీ తిరిగి రావడమే నా ఉద్యోగం. చూపించడానికి సంచిలో ఒక చిన్న ప్యానెల్ పట్టుకెళ్లేవాణ్ని, సగం పూతతో, సగం దుమ్ముతో. ఒకసారి స్టేషన్‌లో సెక్యూరిటీ అతను సంచి తెరిపించాడు.

"ఏంది సార్ ఇది?"

"సోలార్ ప్యానెల్ ముక్క."

"గింత దుమ్మేంది? జర తుడుసుకోరాదు?" అంటూ తన జేబులోంచి దస్తీ తీశాడు. నేను లాక్కున్న తీరు చూసి ఇంకో ఇద్దరు సెక్యూరిటీవాళ్లు వచ్చారు.

అద్దాల భవనాల్లో ప్రశ్న మాత్రం అంతటా ఒకటే. లబ్ధిదారులు ఎంతమంది? ఒకచోట విసిగిపోయి, ప్రస్తుతానికి పన్నెండు ప్యానెళ్లు అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఒకాయన 'పన్నెండు' అని రాసుకున్నాడు. పరిశోధనకు లబ్ధిదారులు తర్వాతెప్పుడో వస్తారని, ముందు అది పనిచేస్తుందో లేదో తేలాలని చెబితే, తేలిన తర్వాత రండి అనేవాళ్లు. తేలిన తర్వాత మాకు డబ్బెందుకు?

చివరికి ఒక కంపెనీలో ఒక మేడమ్ పూర్తిగా విన్నారు. సీఎస్ఆర్ విభాగం ఆవిడదే. అరగంటపాటు ఫోన్ చూసుకోకుండా విన్న మొదటి మనిషి ఆవిడ. అప్పుడే నాకు భయం వేయాల్సింది.

"సార్, ఐడియా చాలా బాగుంది. కానీ రెండు విషయాలు. రీసెర్చ్ అనే మాట వింటే మా కమిటీ భయపడుతుంది. రెండోది, ఆ మలావీ స్లైడ్ తీసేయండి. ఈ డబ్బు దేశం దాటకూడదు, రూల్."

"డబ్బు దాటదు మేడమ్. తేలిన సంగతే దాటుతుంది."

"అది స్లైడ్‌లో లేకుండా దాటించుకోండి."

ఆ స్లైడ్‌లో ఒక ఫోటో ఉంది. మాతో కలిసి పనిచేసే ఒక నర్సు, ఆరోగ్య కేంద్రం రేకుల మీదకెక్కి చీపురుతో ప్యానెల్ ఊడుస్తున్న ఫోటో. తనే గర్వంగా పంపింది. దాన్ని తీసేసి ఆ చోట సూర్యుడి బొమ్మ పెట్టాను. సూర్యుడు నవ్వుతున్నాడు. అంతకంటే బాగున్నవి వెతికే ఓపిక లేకపోయింది.

ఫిబ్రవరి చివర్లో ఒక గురువారం మేడమ్ ఫోన్ చేశారు. కమిటీ నుంచి ఒక పెద్దాయనను తీసుకుని శుక్రవారం పదకొండింటికి డాబా చూడటానికి వస్తున్నామన్నారు. వానలు పోయిన అక్టోబర్‌లో మొదలుపెట్టాం కాబట్టి అప్పటికి ఐదు నెలల దుమ్ము ఉంది. పూత ఉన్న ఆరూ, లేని ఆరూ కంటికే వేరుగా తెలుస్తున్నాయి. చూపించడానికి అంతకంటే మంచి రోజు ఉండదు. ఆ సంతోషంలో నేను చేసిన ఘనకార్యం ఒకటే. సాయంత్రం దిగి వెళ్తూ, షెడ్డు వెనకే ఉండే ఇంటి ఓనరమ్మతో, "అమ్మా, రేపు కంపెనీ నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు, మెట్లు కొంచెం శుభ్రంగా ఉండేలా చూడండి" అన్నాను.

ఓనరమ్మ నాచారం ఊరుగా ఉన్నప్పటి మనిషి. మేమున్న షెడ్డు చోట ఒకప్పుడు వాళ్ల జొన్నచేను. ఆమెకు ప్యానెళ్లు ముట్టుకోవద్దని మొదటి రోజే చెప్పాం. ఐదు నెలలు ముట్టుకోలేదు. కానీ ఆ దుమ్ము ఆమెను ఎంత బాధపెట్టిందో మాకు తెలియదు. ఇంటికి మనుషులొస్తున్నారంటే ఆమె పుట్టి పెరిగిన పద్ధతిలో తెల్లవారకముందే వాకిలి కడగాలి, గడపకు పసుపు పూయాలి, ముగ్గేయాలి. అందులోనూ శుక్రవారం.

పొద్దున తొమ్మిదింటికి వెళ్లేసరికి మెట్ల మీద ముగ్గుంది. బాగుంది అనుకుంటూ ఎక్కాను. గదుల ముందు ముగ్గుంది. డాబా తలుపు దగ్గర కూడా ముగ్గుంది. డాబా అంతా తడి. పన్నెండు ప్యానెళ్లూ కొత్తగా కొన్నట్టు మెరుస్తున్నాయి. ఒకదాంట్లో నా మొహం కనిపించింది. చూసి ఉండకూడదు.

మా అమ్మాయి నీళ్ల ట్యాంకు పక్కన గోడ మీద కూర్చుని ఉంది, ఒళ్లో రిజిస్టర్. ఓనరమ్మ ఆమె ముందు నిలబడి ఉంది, చేతిలో ఇంకా పైపు.

"ఏందమ్మా గట్ల కూసున్నవ్? పానం బాగలేదా?"

"అవ్వా, ముట్టద్దని చెప్పినం గదనే."

"నేనేడ ముట్టిన? చెయ్యి సుత వెట్టలే. పైపుతోని దూరంకెళ్లే కొట్టిన."

నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు తిరిగింది. "గంత పెద్దోళ్లొస్తున్నరంటిరి, గా మన్ను అట్లనే సూపెడ్తరా సారూ? ఇజ్జత్ పోదా? నలుగురు నన్ననరా, ఓనరమ్మ ఇల్లు సాఫ్ జేసుకోదని?"

చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేచింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులతో రెండంతస్తులు పైపు మోసుకుని ఎక్కింది. "చాలా బాగుందమ్మా" అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

ఆమె దిగి వెళ్లింది. పూత ఉన్నవీ లేనివీ ఇప్పుడు ఒక్కటే. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలంటే వానలు వచ్చి పోవాలి, అంటే అక్టోబర్. జూన్‌కల్లా ఫలితం చెబుతామని కంపెనీకి రాసిచ్చిన కాగితం నకలు నా బ్యాగులోనే ఉంది.

"సార్, చెప్పకుంటె ఎవలికి తెలుస్తది?" అంది మా అమ్మాయి మెల్లగా. "ఐదు నెల్ల రీడింగులు ఉన్నయి గద. మిగిలిన మూడు నెలలకు గీత ముంగటికి గుంజితె అయిపాయె."

ఆలోచించలేదని చెప్పను. మళ్లీ ఆమే అంది, "గా గీత గుంజాల్సింది నేనే గద. నాతోని కాదు సార్. ఎండాకాలంల దుమ్ము గీతలెక్క వోదు, వంకర వోతది. గందుకే గద ఈడ కూసున్నం."

పదకొండుకు రావలసినవాళ్లు పన్నెండున్నరకు వచ్చారు. మేడమ్, ఆమె వెంట కమిటీ పెద్దాయన. ఆయన డాబా ఎక్కగానే ఆగి, చుట్టూ చూసి, "వావ్, ఎంత నీట్‌గా మెయింటైన్ చేస్తున్నారు" అన్నారు.

"అదే సమస్య సార్" అన్నాను.

మొత్తం చెప్పాను. ఐదు నెలలు, పైపు, అక్టోబర్, అన్నీ. జూన్‌లో ఫలితం రాదని, వచ్చే ఏడాది జూన్‌కు వస్తుందని, అప్పటిదాకా డబ్బు కావాలని. చెబుతుంటే నాకే అనిపించింది, ఇంత చక్కగా డబ్బును వద్దనడం మళ్లీ ఎవరికీ చేతకాదని. పెద్దాయన శ్రద్ధగా విన్నారు. మా అమ్మాయి నేల చూస్తూ నిలబడింది.

సరిగ్గా అప్పుడు ఓనరమ్మ చాయ్ తెచ్చింది. పెద్దాయన ఆమెను చూసి, "ఈవిడేనా కడిగింది?" అన్నారు.

"నేనే సారూ. గింత మన్ను వోయింది. నాలుగు బకెట్ల నల్లటి నీళ్లు."

పెద్దాయన మొహం వెలిగింది. ఏడాది మొత్తం మీద కమిటీ మనిషి మొహం వెలగడం నేను చూడటం అదే మొదలు. "మేడమ్, చూడండి. లోకల్ మహిళ. ఎవరూ చెప్పకుండా, తనంతట తను!" అని, ఫోన్ తీసి, "అమ్మా, ఒక్కసారి మళ్లీ కడుగుతున్నట్టు నిలబడతారా?" అన్నారు.

ఓనరమ్మ కొంగు సర్దుకుని పైపు తెరిచింది. కడిగిన ప్యానెళ్లను మళ్లీ కడిగింది. మా అమ్మాయి రిజిస్టర్ మూసింది.

తర్వాత నాలుగు వారాలు ఏ కబురూ లేదు. కాలేజీ వాళ్లు మాత్రం రెండుసార్లు ఫోన్ చేశారు. మార్చి ఆఖరి వారంలో మేడమ్ ఫోన్ చేశారు. ఏడాదంతా లేదన్న డబ్బు కంపెనీల్లో మార్చి చివర్లో కొంచెం మిగులుతుంది, మిగలడం వాళ్లకు తలనొప్పి. ఈ సంగతి తెలిసినవాళ్లు ఆ వారంలో ఫోన్ పక్కన పెట్టుకుని అన్నం తింటారు.

"సార్, కమిటీకి ఆ ఫోటో చాలా నచ్చింది. ఉప్పల్, మేడిపల్లి, ఘట్‌కేసర్ వైపు సర్కారు బడుల మీద సోలార్ ప్యానెళ్లున్నాయి కదా, ఎవరో పెట్టించారు, తర్వాత ఎవరూ పైకెక్కలేదు. వాటిని కడిగించే ప్రోగ్రామ్. తొమ్మిది బడులు. మూడు నెలలకోసారి మా ఉద్యోగులు వలంటీర్లుగా వస్తారు. రెండ్రోజుల్లో ప్రపోజల్ పంపగలరా?"

"మా పరిశోధన మేడమ్?"

"అది వేరే ఏడాది చూద్దాం సార్."

కడగనక్కర్లేని ప్యానెల్ కోసం ఇన్నేళ్లు పనిచేసినవాడికి కడగడానికి డబ్బు మంజూరైంది. ఈ సంగతి మా అమ్మాయికి ఎలా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేశాను. పోయి కాలేజీలో చేరమని కూడా అన్నాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. ఆమె లెక్క వేసుకుంటోంది.

"తొమ్మిది డాబాలు సార్."

"అవును. కడగడానికి."

"ఒక్కొక్క బడి మీద రెండు ప్యానెళ్లు మనకియ్యమని అడుగున్రి. ఒకదానికి పూత, ఒకటి ఉత్తది. అక్టోబర్ల అన్నింటితోని పాటు కడుగుతం, అటెన్క గా రెండింటి జోలికి ఎవలూ రావద్దు. ఇన్ని రోజులు ఒక్క డాబా ఉండె. ఇప్పుడు తొమ్మిది. రోడ్డు పక్కన ఒకటి, చెరువు పక్కన ఒకటి, కంకర మిషన్ పక్కన ఒకటి. దుమ్ముల రకాలు గూడ దొరుకుతయి."

"జీతం రీసెర్చ్ కింద ఇవ్వరు. 'పరిశుభ్రతా సమన్వయకర్త' అని ఇస్తారట."

"గదేంది?"

"పని ఇదే. గౌరవం కొంచెం తక్కువ."

ఆమె రెండ్రోజులు ఇంటికెళ్లి వచ్చింది. ఇంట్లో ఏమన్నారని అడిగితే, "ఎంటెక్ సదివి కడుగుడు పనేంది బిడ్డా అన్నడు మా నాన్న. కడుగుడు కాదు నాన్నా, కడగనియ్యకుండ సూసుడు అన్న. గదింకా అధ్వానం అన్నడు" అంది. కాలేజీకి రానని మెయిల్ పెట్టిందని తర్వాత చెప్పింది. సంతోషించాలో, క్షమాపణ అడగాలో తేల్చుకోలేక చాయ్ తెప్పించాను.

రెండు ప్యానెళ్ల సంగతి మేడమ్‌ను దొంగచాటుగా కాక నేరుగానే అడిగాను. ఆవిడ నుంచి ఒక్క లైను జవాబు వచ్చింది. అభ్యంతరం లేదు, కానీ కడగని ప్యానెళ్లు ఏ ఫోటోలోనూ కనపడకూడదు. మలావీలోని నర్సుకు కూడా రాశాను, డబ్బు దొరికింది, కడగడానికి అని. ఆమె నవ్వుతున్న బొమ్మలు వరసగా పెట్టి, కడిగేవాళ్లం మా దగ్గర బోలెడుమందిమి ఉన్నాం, నీళ్లు పంపించండి అని రాసింది.

అక్టోబర్‌లో వానలు పోగానే మొదటి విడత కడిగించి, తొమ్మిది డాబాల మీదా మొదలుపెట్టాం. మూడు నెలల తర్వాత, జనవరిలో, వలంటీర్లు రెండో విడత కడగడానికి మేడిపల్లి బడికి ఏసీ బస్సులో వచ్చారు. అందరికీ ఒకే రంగు టీషర్టులు. నాకూ ఒకటిచ్చారు, అది నా పొట్టను అవసరానికంటే నిజాయితీగా చూపించింది. కమిటీ పెద్దాయన నా చేతికి పైపిచ్చి, "మీరే ప్రారంభించాలి సార్" అన్నారు. ప్రారంభించాను. అందరూ చప్పట్లు కొట్టారు.

అవతలి మూలలో మా అమ్మాయి తన రెండు ప్యానెళ్ల ముందు నిలబడి ఉంది. ఒక కుర్రాడు బకెట్ పట్టుకుని అటు నడిచాడు.

"మేడమ్, ఈ రెండూ మర్చిపోయారు."

"మర్సిపోలే అన్నా. గవి గట్లనే ఉండాలె."

"మురికిగా ఉన్నాయి కదా?"

"గా మురికి కోసమే నాకు జీతమిస్తున్నరు. ముంగటికి రాకు, సుక్క నీళ్లు వడ్డా ఊకోను."

ఫోటోలు తీసే అతను నీళ్ల ట్యాంకు మీద నుంచి అరిచాడు, ఆ రెండూ ఫ్రేములో పడుతున్నాయని, ఏదైనా అడ్డం పెట్టమని. డాబా మీద అడ్డం పెట్టడానికి ఏమీ లేదు. ఆమె రెండు చేతులూ బార్లా చాపి వాటికి అడ్డం నిలబడింది. ఫోటోలన్నీ అయ్యేదాకా అలాగే ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండ నెత్తినే ఉంది.

కంపెనీ వార్షిక నివేదికలో ఆ ఫోటోను ఒక పేజీ నిండా వేశారు. కింద, 'ఆనందోత్సాహాలతో చేతులు చాచి వలంటీర్లకు స్వాగతం పలుకుతున్న మా పరిశుభ్రతా సమన్వయకర్త' అని రాశారు.

బస్సు వెళ్లాక ఆమె మీటరు తీసి రీడింగులు రాసుకుంది. రెండింటి మధ్యా తేడా ఉంది. ఎంతుందని అడిగాను. "ఇప్పుడే అనద్దు సార్" అని రిజిస్టర్ చంకలో పెట్టుకుని, ఇంకో బడి మిగిలి ఉందని దిగి వెళ్లింది. వానలకు ఇంకా ఐదు నెలలున్నాయి. ఏప్రిల్‌లో వాళ్లు మళ్లీ కడగడానికి వస్తారు.